ఒకే ఫోను రెండు చోట్ల: సిగ్నలింగ్‌లో తేడాను పట్టే తీరు



ఫోను మోగడానికి ముందే, అది ఎవరిదో, ఎక్కడ ఉన్నదో, దానికి కాల్ పంపవచ్చునో లేదో తేల్చుకోవడానికి టెలికాం యంత్రాల మధ్య కొన్ని సందేశాలు నడుస్తాయి. మనుషులు మాట్లాడుకునే మాట వేరు, ఆ మాటకు దారి చూపడానికి యంత్రాలు తమలో తాము చెప్పుకునే మాట వేరు. ఈ రెండో రకాన్నే సిగ్నలింగ్ అంటారు. ఫోను స్విచాన్ చేసినప్పుడు, ఊరు దాటినప్పుడు, ఎస్సెమ్మెస్ వచ్చినప్పుడు, ఇంటర్నెట్ తెరిచినప్పుడు, విదేశంలో విమానం దిగి ఫోను తీసినప్పుడు ఈ సందేశాలు పుడతాయి. చందాదారు నోరు విప్పని రోజున సైతం అతని ఫోను గురించి నెట్‌వర్కులో రాకపోకలు సాగుతూనే ఉంటాయి. ఆ రాకపోకల్లో మోసంతో పంపినవీ, పొరపాటున పుట్టినవీ కలిసిపోయినప్పుడు వాటిని ఎలా వేరు చేస్తారన్నదే ఈ ప్రసంగ విషయం.

సిగ్నలింగ్ సందేశానికి ఒక కట్టుబాటు ఉంటుంది. ఏ వివరం ఏ వరుసలో ఉండాలో, దానికి అవతలి యంత్రం ఏమని జవాబివ్వాలో ముందే నిర్ణయించిన ఆ కట్టుబాటును ప్రోటోకాల్ అంటారు. ఒకప్పుడు అమెరికాలో దూరప్రాంతపు కాల్స్‌కు సిగ్నలింగ్ కూడా మాట వెళ్లే తీగ మీదనే శబ్దాల రూపంలో వెళ్లేది. లైను ఖాళీగా ఉన్నదని చెప్పడానికి 2600 హెర్ట్జ్ శబ్దాన్ని వాడేవారు. ఆ శబ్దాన్ని తమంతట తాము పుట్టించగలిగిన కొందరు డబ్బు కట్టకుండా దూరప్రాంతాలకు మాట్లాడుకున్నారు. కొంతవరకు ఆ కారణంగా, మాట నుంచి సిగ్నలింగ్‌ను విడదీసి దానికి ప్రత్యేక మార్గం ఏర్పరచే పద్ధతులు వచ్చాయి. వాటిలో ముఖ్యమైన ఎస్‌ఎస్ 7 అనే ప్రోటోకాళ్ల సముదాయం 1970ల్లో రూపుదిద్దుకొని, 1980లో అంతర్జాతీయ ప్రమాణమైంది. దీనితో వాడుకదారు చేతికి సిగ్నలింగ్ అందకుండా పోయింది గానీ, ఒక కంపెనీ పంపిన సందేశాన్ని మరో కంపెనీ శంకించి పరీక్షించే ఏర్పాటు మాత్రం అందులో లేదు. ఆనాడు ఫోను వ్యాపారం చేసేవి కొద్దిపాటి ప్రభుత్వ శాఖలూ పెద్ద సంస్థలూ కావడం వల్ల, అవన్నీ ఒకదానికొకటి తెలిసినవే కావడం వల్ల, అవసరం ఉందని కూడా ఎవరికీ తోచలేదు.

మొబైల్ నెట్‌వర్కుల్లో కొత్త తరాలు వచ్చాయి. పాతవి పోలేదు. ఇదే అసలు చిక్కు. రెండో తరం, మూడో తరం ఫోన్ల ఉనికినీ ఎస్సెమ్మెస్‌నూ చూసేది ఎస్‌ఎస్ 7 మీద నడిచే మ్యాప్ అనే ప్రోటోకాల్. నాలుగో తరంలో అదే పనిని డయామీటర్ అనే మరో ప్రోటోకాల్ చేస్తుంది. ఇంటర్నెట్ డేటాకు దారి ఏర్పరచేది జీటీపీ. నాలుగో తరంలో మాటను కలిపేది సిప్. అయిదో తరంలో వెబ్‌సైట్లు వాడే హెచ్‌టీటీపీ పద్ధతి వచ్చింది. ఒకే కంపెనీలో, ఒకే చందాదారు విషయంలో, ఇవన్నీ ఏకకాలంలో పనిచేస్తూ ఉంటాయి. ఒక్కో ప్రోటోకాల్‌కు వేరే యంత్రాలు, వేరే చిట్టాలు, చాలా చోట్ల వేరే ఉద్యోగుల బృందాలు ఉంటాయి. ఒకరి చిట్టాను మరొకరు తెరిచి చూడవలసిన అవసరం రోజువారీ పనిలో రాదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గమనించండి. మోసగాడు పంపే సిగ్నలింగ్ సందేశం చాలాసార్లు తప్పు సందేశం కాదు. దాని వరుస సరిగ్గానే ఉంటుంది, అంకెలు సరిగ్గానే ఉంటాయి, అడిగే ప్రశ్న నెట్‌వర్కు రోజుకు లక్షలసార్లు వినే ప్రశ్నే. ఆ ఒక్క సందేశాన్ని ఎంతసేపు పరిశీలించినా అందులో దోషం కనిపించదు. దాన్ని మరో ప్రోటోకాల్‌లో ఆ చందాదారు గురించే నమోదైన సంగతితో కలిపి చదివినప్పుడు మాత్రమే రెండింటికీ పొసగదని తేలుతుంది.

ఒక ఉదాహరణతో ఈ సంగతి తేలిగ్గా బోధపడుతుంది. తెనాలిలో ఒక రేషన్ దుకాణం ఉన్నదనుకోండి. ఉదయం పది గంటలకు ఒక వ్యక్తి వేలిముద్ర వేసి బియ్యం తీసుకున్నట్టు అక్కడి యంత్రంలో నమోదైంది. పదిన్నరకు శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లెలో ఉపాధి హామీ పనికి అదే వ్యక్తి హాజరైనట్టు మస్టరులో ఉంది. రేషన్ అధికారి తన చిట్టా చూసుకుంటే అంతా సక్రమం. ఉపాధి హామీ మేటు తన మస్టరు చూసుకుంటే అదీ సక్రమమే. కానీ రెండు చిట్టాలనూ పక్కపక్కన పెట్టి చూసినవారికి, నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దూరాన్ని ఆ మనిషి అరగంటలో ఎలా దాటాడన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. ఎవరు దొంగ అన్నది అప్పుడే తేలదు. ఒక చిట్టాలో అబద్ధం ఉండవచ్చు, ఒక గడియారం తప్పు కావచ్చు, ఇద్దరు మనుషుల నంబర్లు తారుమారై ఉండవచ్చు. తేలేది ఒక్కటే: ఈ రెండు నమోదులూ ఏకకాలంలో నిజం కాలేవు. వేర్వేరు ప్రోటోకాళ్ల మీదుగా అసాధారణతను పట్టడమంటే ఇదే పని.

మన దేశంలోనే ఇందుకు స్పష్టమైన నిదర్శనం ఉంది. పోలీసులమనీ, కస్టమ్స్ అధికారులమనీ చెప్పి బెదిరించే మోసగాళ్లు విదేశాల నుంచి చేసే కాల్స్‌లో అనేకం, ఇక్కడి ఫోన్ల తెర మీద +91తో మొదలయ్యే మామూలు భారతీయ నంబర్ల రూపంలో కనిపించేవి. ఇది ఎలా సాధ్యమంటే, కాల్‌ను కలపడానికి పంపే సిగ్నలింగ్ సందేశంలో కాల్ చేస్తున్నవారి నంబరు కోసం ఒక గడి ఉంటుంది. ఆ గడిని పూరించేది కాల్ మొదలైన వైపువారే. మధ్యలో ఉన్న సంస్థలు దాన్ని ఉన్నదున్నట్టు ముందుకు పంపుతాయి. ఆ విధంగా విదేశీ కాల్‌కు దేశీయ నంబరు తగిలించడాన్ని స్పూఫింగ్ అంటారు.

దేశంలోకి కాల్స్ వచ్చే అంతర్జాతీయ గేట్‌వే దగ్గర, +91 నంబరుతో వచ్చిన ప్రతి కాల్‌నూ ఆపివేస్తే సరిపోదా అన్న ప్రశ్న వస్తుంది. సరిపోదు. కరీంనగర్ నుంచో, కోనసీమ నుంచో గల్ఫ్‌కు వెళ్లినవారిలో భారతీయ సిమ్‌ను రోమింగ్‌లో ఉంచుకొని ఇంటికి కాల్ చేసేవారు ఉంటారు. వారి కాల్ కూడా బయటి నుంచే, +91 నంబరుతోనే వస్తుంది. గేట్‌వే దగ్గర చూస్తే మోసగాడి కాల్‌కూ, కువైట్‌లో ఉన్న కార్మికుడి కాల్‌కూ రూపంలో తేడా లేదు. తేడా ఉన్నది మరో చోట. ప్రతి చందాదారూ ప్రస్తుతం ఏ నెట్‌వర్కులో ఉన్నాడన్న సంగతి అతని సొంత కంపెనీ రిజిస్టరులో నమోదై ఉంటుంది. ఆ రిజిస్టరును నింపేవి కాల్ సందేశాలు కావు, మ్యాప్, డయామీటర్ ప్రోటోకాళ్లలో వచ్చే స్థానమార్పిడి సందేశాలు. ఆ నంబరు గల చందాదారు నిజంగా దేశం బయట ఉన్నట్టు రిజిస్టరు చెబితే కాల్ సహజమైనదే. అతను వరంగల్‌లో ఉన్నట్టు రిజిస్టరు చెబుతూ ఉండగా, అతని నంబరుతో విదేశం నుంచి కాల్ వచ్చిందంటే అది స్పూఫింగ్.

ఈ సరిపోల్చడాన్ని మొదట ఒక్కో కంపెనీ తన సొంత చందాదారుల నంబర్ల వరకు చేసింది. ఇతర కంపెనీల నంబర్లతో వచ్చే కాల్స్‌ను పట్టాలంటే వాటి రిజిస్టర్లను అడగగలిగిన ఉమ్మడి ఏర్పాటు కావాలి. అందుకోసం కేంద్ర టెలికాం శాఖ రూపొందించిన వ్యవస్థ 2024 అక్టోబరు 22న మొదలైంది. మొదటి 24 గంటల్లోనే సుమారు 1 కోటి 35 లక్షల కాల్స్‌ను, అంటే భారతీయ నంబర్లతో బయటి నుంచి వచ్చిన కాల్స్‌లో దాదాపు 90 శాతాన్ని, స్పూఫింగ్ కాల్స్‌గా గుర్తించి ఆపినట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఇక్కడ వాడిన సూత్రంలో గహనమైన గణితమేదీ లేదు. ఎప్పటి నుంచో ఉన్న రెండు చిట్టాలను ఒకచోట చేర్చడమే జరిగింది. ఏళ్ల తరబడి ఆ రెండూ విడివిడిగా ఎందుకు ఉండిపోయాయన్న ప్రశ్నకు జవాబు సాంకేతికత కన్నా కార్యాలయాల అమరికలోనే ఎక్కువగా దొరుకుతుంది.

రెండో నిదర్శనం జర్మనీది. ఎస్‌ఎస్ 7 ద్వారా ఎవరి ఫోను ఎక్కడున్నదో తెలుసుకోవచ్చునని టోబియాస్ ఎంగెల్ అనే పరిశోధకుడు 2008 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన హ్యాకర్ల సమావేశంలో చూపించారు. ఆరేళ్ల తర్వాత హాంబర్గ్‌లో ఆయన, కార్‌స్టెన్ నోల్ అనే మరో నిపుణుడు విడివిడిగా ఇంకా తీవ్రమైన లోపాలను వివరించారు. 2017లో ఆ హెచ్చరిక నిజమైంది. బ్యాంకు ఖాతాల పాస్‌వర్డులను ముందే దొంగిలించిన ముఠా, ఒక విదేశీ కంపెనీ నెట్‌వర్కు ద్వారా ఎస్‌ఎస్ 7 సందేశాలు పంపి, ఖాతాదారులకు రావలసిన ఎస్సెమ్మెస్ కోడ్‌లను తమవైపు మళ్లించుకొని డబ్బు లాగేసింది. అటువంటి మళ్లింపు సాధారణంగా స్థానమార్పిడి సందేశంతో జరుగుతుంది. ఈ చందాదారు ఇప్పుడు మా నెట్‌వర్కులో ఉన్నాడు, అతని ఎస్సెమ్మెస్‌లు మాకు పంపండి అని బయటి నెట్‌వర్కు చెబుతుంది. సొంత నెట్‌వర్కు నమ్ముతుంది. నమ్మక తప్పదు, ఎందుకంటే నిజంగా విదేశం వెళ్లిన ప్రతి చందాదారు విషయంలోనూ సరిగ్గా ఇదే సందేశం వస్తుంది.

మరి పట్టుకునేది ఎలా? మొబైల్ కంపెనీల ప్రపంచ సంఘమైన జీఎస్‌ఎంఏ తన మార్గదర్శకాల్లో బయటి నుంచి వచ్చే సందేశాలను మూడు తరగతులుగా చూడమన్నది. కంపెనీ లోపల మాత్రమే తిరగవలసినవి కొన్ని. అవి బయటి నుంచి వస్తే ఆలోచన లేకుండా ఆపవచ్చు. మన దగ్గరికి అతిథిగా వచ్చిన విదేశీ చందాదారు గురించి అతని సొంత కంపెనీ మాత్రమే పంపదగినవి మరికొన్ని. పంపినవారి చిరునామా చూస్తే వాటి సంగతి తేలుతుంది. ఇక మూడో తరగతి కఠినమైనది. స్థానమార్పిడి సందేశాలు ఇందులోవే. వీటిని ఆపడానికీ వీల్లేదు, గుడ్డిగా అంగీకరించడానికీ వీల్లేదు. ఇంతకు ముందు ఆ ఫోను ఎక్కడున్నదో గుర్తుంచుకొని, కొత్త సందేశాన్ని పాత సంగతితో పోల్చాలి. ఇరవై నిమిషాల కిందట హైదరాబాద్‌లో ఉన్న ఫోను ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నదని సందేశం వస్తే, విమానానికే సుమారు నాలుగు గంటలు పట్టే దూరం కనుక ఆ మాట నమ్మదగినది కాదు. దీన్ని వేగ పరీక్ష అంటారు.

వేగ పరీక్షకు మరో ప్రోటోకాల్ సాక్ష్యం తోడైతే బలం పెరుగుతుంది. చందాదారు విదేశంలో ఉన్నాడని మ్యాప్ చెబుతున్న క్షణంలోనే, జీటీపీ ద్వారా ఏర్పడిన అతని ఇంటర్నెట్ మార్గం హైదరాబాద్ టవర్ల నుంచి చురుగ్గా నడుస్తూ ఉండవచ్చు. మాటల విభాగానికీ డేటా విభాగానికీ నమోదులు వేర్వేరు కనుక ఇటువంటి వైరుధ్యం సాధ్యమే. ఇందుకు ఎదురు దిశలో చేసే పరీక్ష కూడా ఉంది. ఒక విదేశీ నెట్‌వర్కు జీటీపీలో డేటా మార్గం కోరినప్పుడు, ఆ చందాదారు తన దగ్గర ఉన్నట్టు అదే నెట్‌వర్కు అంతకు ముందు డయామీటర్‌లో నమోదు చేయించుకున్నదా అని చూస్తారు. నమోదు లేకుండా మార్గం అడిగితే అనుమానించాలి.

మోసగాళ్లకు ఈ సంగతులన్నీ తెలుసు. పాత, కొత్త ప్రోటోకాళ్ల మధ్య సందేశాలను మార్చి ఇచ్చే అనువాదక యంత్రం ఒకటి నెట్‌వర్కులో ఉంటుంది. డయామీటర్‌లో వచ్చిన ప్రశ్నను అది మ్యాప్ ప్రశ్నగా మార్చి లోపలికి పంపుతుంది. ఎస్‌ఎస్ 7 సరిహద్దులో పటిష్ఠమైన కాపలా ఉన్నప్పటికీ, దాడి డయామీటర్ వైపు నుంచి ప్రవేశించి అనువాదమై మ్యాప్ వేషంలో లోపలికి చేరితే, అది సొంత యంత్రం పంపిన సందేశంలాగే కనిపిస్తుంది. ఒక్కో ప్రోటోకాల్‌కు ఒక్కో కాపలా పెట్టి అంతటితో తృప్తిపడిన కంపెనీలు దెబ్బతినేది ఇక్కడే.

అసాధారణత అంతా దాడి కాదని కూడా గుర్తుంచుకోవాలి. 2022 జులై 2న జపాన్‌లో కేడీడీఐ అనే టెలికాం సంస్థ రౌటర్ల నిర్వహణ పని చేస్తుండగా జరిగిన పొరపాటు వల్ల కొద్దిసేపు మాటల సేవ ఆగింది. ఫోన్లన్నీ తమను తిరిగి నమోదు చేయమని ఒక్కసారిగా అడగసాగాయి. ఆ ఒత్తిడికి మాటల యంత్రాలు ఉక్కిరిబిక్కిరై, వాటిలోని వివరాలకూ చందాదారుల రిజిస్టరులోని వివరాలకూ పొంతన తప్పింది. 3 కోట్ల మందికి పైగా వాడుకదారులు 60 గంటలకు పైగా ఇబ్బంది పడ్డారు. ఎవరూ దాడి చేయలేదు. అయినా లక్షణం అదే: ఒకే చందాదారు గురించి రెండు చిట్టాలు రెండు రకాలుగా చెప్పాయి. తేడాను పట్టే యంత్రానికి దొంగా పొరపాటూ ఒకే తీరుగా కనిపిస్తాయి. వేరు చేయవలసింది మనుషులే.

చిట్టాలను కలపడం చెప్పినంత తేలిక కాదు. మ్యాప్, డయామీటర్ ప్రోటోకాళ్లు చందాదారును సిమ్‌లో ఉండే ఐఎంఎస్‌ఐ అనే అంకెల వరుసతో గుర్తిస్తాయి. అది గరిష్ఠంగా 15 అంకెలు ఉంటుంది, భారతీయ సిమ్‌లలో 404తో గానీ 405తో గానీ మొదలవుతుంది. కాల్ సందేశాలు ఫోను నంబరుతో గుర్తిస్తాయి. ఒకసారి ఏర్పడిన డేటా మార్గానికి ఒక మార్గసంఖ్య, ఒక ఐపీ చిరునామా ఉంటాయి, అవి మాటిమాటికీ మారుతుంటాయి. ఇవన్నీ ఒకే మనిషివని ఆ క్షణానికి సరిగ్గా జతచేయలేకపోతే పోలిక మొత్తం వృథా. యంత్రాల గడియారాలు కలవకపోతే ముందు జరిగింది వెనుక జరిగినట్టు కనిపించి, లేని దొంగ పుడతాడు.

తప్పుడు హెచ్చరికల లెక్క ఇంకా కఠినం. ఒక నెట్‌వర్కులో రోజుకు 10 కోట్ల సందేశాలు వస్తాయనీ, పరీక్ష పదివేలకు ఒక్కసారి మాత్రమే పొరబడుతుందనీ అనుకోండి. చాలా మంచి పరీక్షే. అయినా రోజుకు 10,000 తప్పుడు హెచ్చరికలు పుడతాయి. వాటిని చదవడానికి ఏ కంపెనీలోనూ తగినంత మంది ఉండరు. రెండు ప్రోటోకాళ్ల సాక్ష్యం కుదిరినప్పుడే హెచ్చరించాలన్న నియమం పెడితే, రెండు పరీక్షలకూ అంతే నాణ్యత ఉండి, ఒకదాని పొరపాటుకు మరొకదానితో ఏ సంబంధమూ లేకపోతే, కాగితం మీద ఆ సంఖ్య రోజుకు ఒక్కటికి పడిపోతుంది. వాస్తవంలో అంతగా పడదు, ఎందుకంటే ఒక కేబుల్ తెగితే రెండు చిట్టాలూ కలిసే తప్పుతాయి. రెండు దేశాల సరిహద్దులో ఇంట్లో కూర్చున్న మనిషి ఫోను, కదలకుండానే పక్క దేశపు టవరును పట్టుకోవచ్చు. సంక్రాంతికి లక్షల మంది ఊళ్లకు కదిలినప్పుడూ, తుపానుకు టవర్లు పడిపోయినప్పుడూ మామూలు అన్న మాటకు అర్థమే మారిపోతుంది.

మామూలు ఏదో యంత్రమే నేర్చుకొని తేడాలు చెప్పాలన్న ఉద్దేశంతో ఇప్పుడు మెషీన్ లెర్నింగ్ పద్ధతులు వస్తున్నాయి. వాటి ఉపయోగాన్ని కాదనలేము గానీ, మొదటి స్థానం వాటికి ఇవ్వడం తొందరపాటే. నిజమైన దాడుల ఉదాహరణలు కొద్దిగానే దొరుకుతాయి, కంపెనీలు వాటిని బయటపెట్టవు. పైగా, ఒక సందేశాన్ని ఎందుకు ఆపారని చందాదారు అడిగినప్పుడు, అతను ఏకకాలంలో రెండు దేశాల్లో ఉన్నట్టు నమోదైందని చెప్పగలగడం వేరు, యంత్రం ఇచ్చిన మార్కు ఎక్కువగా ఉన్నదని చెప్పడం వేరు. ముందు నియమాలు, వాటికి చిక్కనివాటికి యంత్రశిక్షణ అన్న వరుస సబబుగా ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ పోలిక చేయాలంటే ప్రతి చందాదారూ ఎప్పుడు ఎక్కడున్నాడన్న చిట్టాను ఒకచోట చేర్చాలి. దొంగ ఎస్‌ఎస్ 7లో వెతికేది కూడా ఆ సమాచారాన్నే. అందువల్ల అసలు నంబరుకు బదులు మారునంబరు వాడడం, కొద్ది గంటలు దాటిన చిట్టాను చెరిపివేయడం, ఎవరు తెరిచారో నమోదు చేయడం పోలికతో పాటే జరగాలి.

అయిదో తరంలో సరిహద్దు దగ్గర సెప్ అనే రక్షక యంత్రాన్ని ప్రమాణాల్లోనే చేర్చారు. రెండు నెట్‌వర్కుల సెప్‌లు ఒకదాన్నొకటి ధ్రువీకరించుకున్న తర్వాతే సందేశాలు నడుస్తాయి కనుక, పంపింది ఎవరన్నది తేలుతుంది. అయితే పంపింది ఎవరో తెలిసినంత మాత్రాన పంపింది నిజమని తేలదు. ఎస్‌ఎస్ 7 లోకంలో కంపెనీలు తమ సిగ్నలింగ్ చిరునామాలను ఇతరులకు అద్దెకు ఇచ్చే అలవాటు ఏళ్ల తరబడి సాగింది. అద్దెకు తీసుకున్నవారిలో దుర్మార్గులు కూడా ఉన్నందున, బ్రిటన్ టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2025 ఏప్రిల్‌లో ఆ అద్దె వ్యాపారాన్ని నిషేధించింది. ఒక దేశంలో నిషేధించినా, అనుమతించే మరో దేశం నుంచి అదే తరహా చిరునామాతో సందేశం రావచ్చు. మీటల ఫోన్లు వాడేవారు ఉన్నంత కాలం రెండో తరం నెట్‌వర్కులు, వాటితో పాటు మ్యాప్ ప్రోటోకాల్ కూడా కొనసాగుతాయి కనుక, ఆ సందేశం అయిదో తరపు ద్వారాన్ని తాకకుండానే లోపలికి చేరుతుంది. అప్పుడు కంపెనీ ఇంజినీరు చేయగలిగింది, ఆ చందాదారు గురించి మిగతా నాలుగు చిట్టాలు ఏమంటున్నాయో చూడడమే.